ఒంటిగంట దగ్గర ఎర్ర టేపు

పోయిన నెల తండయారుపేటలో
కాంట్రాక్టరు మనవరాలి చెవులు కుట్టే ఫంక్షన్లో
మాడిన వాసన వచ్చింది.
బిరియానీ అడుగంటిందని అందరూ వంటవాణ్ణి తిట్టారు.
మాడింది పద్దెనిమిది అంగుళాల సబ్‌లో కాయిల్ అని
నాకు తెలుసు, పెంచలయ్య మామకు తెలుసు.
మేమేం మాట్లాడలేదు.
ఆ వంటవాడికి ఇంకా ఒక మాట బాకీ.

అందుకే ఇవాళ రిచీ స్ట్రీట్.
చీటీ పాడిన ముప్పై ఎనిమిది వేలు
సంచిలో, పెరుగన్నం డబ్బా కింద.
కేబుల్ చుట్టలు, సోల్డరు పొగ, చెరుకు రసం,
మనిషి దూరనిచోట దూరే స్కూటర్లు.
షాపులో ఇల్యాస్ మామతోనే మాట్లాడతాడు,
కొనేది మగమనిషే అనుకుని.
ముప్పై ఏళ్లు హారన్ల ముందు నిలబడ్డ చెవులవి.
ఫ్యాను తిరుగుతోందని
గాలి తగిలితేనే ఆయనకు తెలిసేది.

"మూవాయిరం వాట్స్ అన్నా!"
అట్టపెట్టె మీద మంటల బొమ్మ.
నేను పెదాలు పెద్దగా కదిపి, మూడు వేలంట, అన్నాను.
మామ నవ్వాడు.
"అది పెళ్లిచూపుల్లో చెప్పే జీతం రా అబ్బాయా.
ఒకటో తారీకు చేతికొచ్చేదెంతో చెప్పు."
ఇల్యాస్ పెట్టె తిప్పి, చిన్నక్షరాల దగ్గర కళ్లు చిట్లించాడు.
ఆర్.ఎమ్.ఎస్., ఎనిమిది ఓమ్‌లకి, నాలుగు వందల యాభై.

మా సబ్‌లు ఒక్కోటి ఆరు వందలు, ఎనిమిది ఓమ్‌లు.
రెండు జంటగా కడితే పదహారు కాదు, నాలుగు.
ఇది నా బుర్రకెక్కడానికి రెండు సీజన్లు పట్టింది.
"కుండకి ఇంకో చిల్లు పెడితే
నీళ్లకి అడ్డం పెరుగుద్దా, తగ్గుద్దా?"
అని అడిగి, మామ టీ తాగడానికి పోయాడు ఆ రోజు.
కుండ ఆంప్లిఫయరు.
చిల్లులకేం, కుండకి కదా కరువు.

"చిన్న ఆంపు పెట్టుకుంటే స్పీకరు భద్రం కదక్కా?"
ఈసారి నావైపు చూశాడు ఇల్యాస్.
ఆ మాటే మేమూ అనుకున్నాం తండయారుపేటలో.
బలం చాలనిది అరుస్తుంది.
అరిచేకొద్దీ అలకి తల తెగుతుంది,
గుండ్రటి ఇడ్లీని పైన కోసేసినట్టు బల్లపరుపు.
కాయిల్ ఊగడం మానేసి కాగుతుంది.
రాత్రంతా ఆంపు మీద ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది.
డీజే దేవా అది అలంకారం అనుకున్నాడు.

నాలుగు ఓమ్‌లకి, పక్కకి పద్దెనిమిది వందలు కావాలన్నాను.
ఇప్పుడు సబ్‌లు రెండే, వచ్చే ఆడి మాసానికి నాలుగు.
టాప్‌లకి పాతది చాలు.
ఇల్యాస్ లోపలి గది తెరిచాడు.
కొత్తది ఏడు కిలోలు, యాభై రెండు వేలు.
పాతది, మూల సొట్ట, ముప్పై ఒక్క కిలో, ముప్పై నాలుగు వేలు.
మెట్లెక్కి మోసేది నేను.
నా మోచేతి కట్టు వైపు మామ చూశాడు, నేను సంచి వైపు చూశాను.
ఆయన మోకాళ్ల మీద కూర్చుని
కర్బూజా పండుని చూసినట్టు
సొట్ట పెట్టె వెనక చిల్లుల్లో ముక్కు పెట్టి వాసన చూశాడు.
చానాసేపు.
"మాడలా," అన్నాడు. "ఎత్తు."

రాత్రి కొరుక్కుపేట, మా సందు.
పాట లేదు. నలభై సైకిళ్ల మూలుగొక్కటే.
నాబ్ పదకొండు గంటల దగ్గర.
ఎదురింటి పోలేరమ్మత్త గూట్లో స్టీలు గ్లాసు
అంచు దాకా నడిచొస్తే
ఆమె తిట్టకుండా దాన్ని వెనక్కి జరిపింది. మళ్లీ నడిచొచ్చింది.
పన్నెండు. ఒంటిగంట.
మామ అరచెయ్యి పెట్టె మీద.
పళ్లతో ఎర్ర టేపు కొరికి
ఒంటిగంట దగ్గర అంటించాడు.
"దీనవతల మనది కాదు."
డబ్బిచ్చి కొన్నాం కదా మామా అన్నాను.
వినబడలేదో ఏమో.

ఆపేశాను. ఫ్యాన్లు ఆగాయి.
ఆయన చెయ్యి తియ్యలేదు.
"ఇంకా మోగతా ఉందే?"
స్విచ్చు చూశాను. వైరు కూడా పీకేశాను.
సందు చివర, గోడవతల,
బొగ్గు నింపుకుని గూడ్సు పోతోంది.
వేలితో అటు చూపించాను.
చివరి పెట్టె దాటేదాకా
అలాగే చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.