ఒక్క వత్తు

నేను దిద్దింది ఒక్క వత్తు.

బోరబండ అంగన్‌వాడీలో సబ్బని స్వరూప
నల్లబల్ల మీద "మన బాష" అని రాసి
పిల్లలతో పాడించిన వీడియో అది.
ముప్పై రెండేళ్లుగా నల్లకుంట ప్రెస్సులో
ప్రూఫులు దిద్దిన చెయ్యి
ఊరుకుంటుందా?
"వత్తేదమ్మా, బువ్వలో కలుపుకు తిన్నావా?" అన్నాను.
కటువుగా ఉండకూడదని
పక్కనో నవ్వు బొమ్మ కూడా పెట్టాను.
'అమ్మా' అన్నాను, గమనించండి.

ఆ తర్వాతది నాది కాదు.
ఎవరో ఆమె చీర గురించి, ఎవరో రంగు గురించి,
జీతం మా పన్నుల సొమ్మని ఇంకెవరో,
ఒకడైతే ఆ పిల్లల పుట్టుక గురించి.
వాళ్లలో ఒక్కడికీ
వాక్యం చివర చుక్క పెట్టడం రాదు.
నేను వాళ్లలో ఒకణ్ణెలా అవుతాను?

శంకరమఠం దగ్గర బస్సు కోసం నిలబడి
లెక్క వేశాను.
నాలుగు వేల ఆరువందల మంది.
అందరికీ పంచితే నా వాటాకి వచ్చేది
ఇడ్లీ మీద వాలి లేచిన ఈగ బరువు.
ఆ రాత్రి నిద్ర బాగానే పట్టింది.

నన్నెరిగినవాళ్లని అడగండి.
ప్రెస్సులో పిల్లి ఈనితే
పది రోజులు కాగితం కట్టలు కదపనివ్వలేదు.
కండక్టరు పొరపాటున ఇచ్చిన ఐదు రూపాయలు
దిగాక పరిగెత్తి ఇచ్చొచ్చాను.
మా అమ్మ
పోయేదాకా నన్ను 'బోజనానికే' పిలిచింది.
ఒక్కనాడూ దిద్దలేదు.
చేతులు కడుక్కుని కూర్చునేవాణ్ణి.

ఈ చివరిది
లెక్కలో ఎక్కడ వెయ్యాలో తెలియలేదు.

పదకొండో రోజుకి వీడియో లేదు.
పేరు కొడితే
ఎవరెవరో స్వరూపలు వస్తున్నారు, ఆమె తప్ప.
శనివారం బోరబండ బస్సెక్కాను.
ఎందుకని అడక్కండి.

గేటు సందులోంచి కనిపించింది:
గుడ్ల అట్టలో, గుంటకొకటి చొప్పున
కొత్త సుద్దముక్కలు.
పైన నల్లబల్ల,
తుడిచినట్టు కూడా లేదు,
అసలు రాయనట్టుంది.
లోపల ఆమె గొంతు, వెనకాలే పిల్లల గొంతులు.

ఆయమ్మ గిన్నెలు తోముతూ
నా చూపు ఎటుందో చూసి చెప్పింది:
"మేడం ఇప్పుడు బోర్డు మీద రాస్తలేదు సార్.
అంతా నోటితోనే చెప్తది."

ఎందుకని నేను అడగలేదు.
"ఎవలు సార్ మీరు?" అని తనే అడిగింది.

"అడ్రసు తప్పి వచ్చానమ్మా" అన్నాను.

ఎర్రగడ్డ దాకా నడిచాను.
ఆ వాక్యంలో తప్పెక్కడుందో తెలుసు.
దిద్దలేదు.