ఇడదీసే పని

కాశీబుగ్గ రైల్వే గేటు అవతల రేకుల షెడ్డులో
మా దమయంతప్ప కటింగు మిషను ముందు కూచుంటుంది.
కాలితో తొక్కితే పిక్క రెండు చెక్కలు,
సూది మొనకి పప్పు లేస్తుంది.
పప్పు ఒక తట్టలోకి, తొక్క ఇంకో తట్టలోకి,
మధ్యన కారే నల్లనూనె
చేతుల్లోకి.

"నువ్వక్కడేటి సేస్తావురా?" అంది.

పద్దెనిమిదేళ్లుగా ఎవరికీ సరిగ్గా చెప్పలేదు.
చెప్పనని కాగితమ్మీద సంతకమూ ఉంది.
అయినా, బూడిదలో చేతులు దొర్లిస్తూ అడిగింది కదా.

కాలిపోయిన కడ్డీలప్పా.
ముక్కలు కోసి ఆమ్లంలో కరిగిస్తారు.
దానిమీద నూనె, కిరసనాయిలు లాంటిది.
కలిపితే కొన్ని నూనెలోకి ఎక్కిపోతాయి,
కొన్ని కిందే ఉండిపోతాయి.
ఎక్కినవాటిలో ఒకదాని మనసు మార్చాలి,
మళ్లీ నీళ్లలోకి దిగిరమ్మనాలి.

"మజ్జిగ సిలికినట్టా?"

అలాంటిదే. ఈ వెన్న మాత్రం
ఇరవై నాలుగు వేల ఏళ్లకి గానీ సగం తరగదు.
మీటరు మందం గోడ, పసుప్పచ్చటి అద్దం,
అద్దానికి అటు ఇనపచేతులు.
ఆఖరి గదిలో గాజుపెట్టెకి వేలాడే రబ్బరు తొడుగులు.
భుజాల దాకా దూర్చి నిలబడతాను,
నా చేతులే, ఎవరివో అయినట్టు.
చొక్కాకి ఒక బిళ్ల. నెలాఖరున పట్టుకెళ్లి
నాలోకి ఎంత దిగిందో లెక్క కడతారు.

అప్ప అరచేతులు తిప్పి చూపింది.
వేళ్ల కొసలు నున్నగా, గీతన్నది లేకుండా.
రేషన్ డిపోలో బొటనవేలు పెడితే
మిషను మళ్లీ పెట్టమంటుందట. మళ్లీ. మళ్లీ.
"నువ్వు నువ్వేనా?" అన్నాడట డీలరు,
ముప్ఫయ్యేళ్లుగా ఎరిగినవాడు.

"నీకు బిళ్లుంది. నాకు బూడిదుంది," అంది.
కాసేపాగి, "మా తొక్క బాయిలర్లోకి పోద్ది.
మరి మీ తొక్కేటవుద్ది?"

గాజుతో కలిపి పోతపోసి
ఉక్కుడబ్బాలో మూసి కాపలా పెడతారు.

"ఎన్నాళ్లురా?"

గేటు పడింది. గూడ్సు వెళ్తూనే ఉంది.
వెళ్లేదాకా ఇద్దరం పెట్టెలు లెక్కపెట్టుకున్నాం.

వచ్చేటప్పుడు పేపర్లో పొట్లం కట్టిచ్చింది.
"ముక్కలే. గుండు మాకివ్వరు."

పలాసలో రైలెక్కి పొట్లం విప్పబోతూ
అలవాటుకొద్దీ రెండు చేతులూ ముందుకి చాపాను,
గంట మోగుతుందేమోనని.
ఎదుటి సీటు పిల్లాడు
నేనేదో అడుగుతున్నాననుకుని
ఖాళీ అరచేతుల్లోకి తొంగిచూశాడు.