తువాలు కింద వేళ్లు

ఎమ్మిగనూరు జాతరలో ఎద్దుల బేరం
నోటితో జరిగేది కాదు.
మా జేజినాయన హుసేనప్ప
భుజమ్మీది ఎర్ర తువాలు తీసి
అమ్మేవాడి చేతి మీద కప్పి
దాని కింద వేళ్లు పట్టుకునేవాడు.
చూపుడువేలికి ఒక నొక్కు,
నడిమి కణుపు కాడ ఇంకో నొక్కు.
పైకి మాత్రం వానల సంగతి, కొర్రల సంగతి.
చుట్టూ మూగినోళ్లకు
తువాలు కదలడం ఒక్కటే తెలిసేది.

ఆదోనిలో, గరల్స్ హైస్కూలు ఎదురు సందులో
నా కుట్టు షాపు.
ఓవర్‌లాక్ మెషీను మోటారు
పొగొచ్చి ఆగిపోయిన రోజు
పక్క జిరాక్సు షాపు రంగముని
తన కంప్యూటర్లో వెతికి చూపించాడు.
ఆరువేల నాలుగొందలు.
"ఆగక్కా, కొనొద్దు" అని
మూలన గోరంత బొమ్మ నొక్కాడు.
ఎక్స్‌టెన్షనంట.
బ్రౌజరుకు పైనుంచి కుట్టిన జేబు లాంటిదంట.
నాకు అర్థం కావాలని అట్లా చెప్పాడు గానీ
జేబు అనంగానే నేను
కుట్టు ఎట్లుందో అని చూశా.

అది ముందు ఒక గీత గీసింది,
మూడు నెలల ధర.
ఆదోని కొండల మాదిరి ఎక్కుడూ దిగుడూ.
పండగ ముందు వారం పైకెక్కి,
పండగ రోజు 'సగం ధర' అని బోర్డు కట్టుకుని
మొదట ఉన్న కాడికే దిగొచ్చింది.
ముసలెద్దుకు కొమ్ములు చెక్కి, నూనె రాసి
కోడె అని తోలుకొచ్చేవాళ్లను
జేజినాయన పళ్లు చూసి పట్టేవాడు.
ధరకు నోరు తెరిపించి
పళ్లు లెక్కబెట్టినట్టుంది ఆ గీత.

పన్నెండు రోజులు ఆగినాం.
నలభై జతల యూనిఫారాలకు
అంచులు చేత్తోనే కుట్టినా.
పదమూడో పొద్దున రంగముని కేకేశాడు:
"అయిదువేల నూటయాభై, రాక్కా!"
డబ్బు కట్టే ముందు ఆ జేబు
కూపన్లు ఒక్కొక్కటే తీసి పెట్టింది.
చెల్లదు.
చెల్లదు.
గడువు తీరింది.
మొదటిసారి కొనేవాళ్లకు మాత్రమే.
చెల్లదు.
వేలు పట్టి, వదిలి, ఇంకో వేలు పట్టి,
ముఖంలో విసుగు లేదు, ముఖమే లేదు.
పదిహేడోది పట్టింది.
మూడొందల పది తెగింది.

"దీనికి కూలి ఎవరిస్తారప్పా?"
రంగముని తల గోక్కున్నాడు.
అమ్మేవాళ్లు కొంత ఇస్తారంట.
మనం ఏమేం చూస్తామో అది రాసుకుంటుందంట.
"ఊరికే కదక్కా, మనదేం పోతుంది."

జేజినాయనా ఇరుపక్కలా తీసుకునేవాడు.
జతకు ఇటు పది, అటు పది,
పదిమందిలో లెక్కబెట్టుకుని రొంటిన దోపేవాడు.
నెల తిరక్కుండా ఎద్దు కుంటితే
కొన్నోడు మా గడపలోకొచ్చి
మా జేజిని కూడా కలిపి తిట్టేవాడు.
జేజినాయన మజ్జిగిచ్చి కూర్చోబెట్టేవాడు.
తిట్లు దలాలీలో భాగమే అనేవాడు.
ఇది కుంటితే
ఏ గడపకు పోయి అరవాల?

మిగిలిందన్న పదిహేనొందల అరవై
రాత్రి గల్లాపెట్టెలో వెతికినా.
దారపు ఉండలు, రెండు చిరుగు నోట్లు.
ఖర్చు కాని డబ్బు కంటికి కనబడదు.
ఖర్చయింది మాత్రం
ఎడమచేతి బొటనవేలు నిండా ఉంది,
సూది పొడిచిన గుర్తులు.

ఆ దినం నుంచి రంగముని
కరెంటు బిల్లు తెరిచినా
పక్కన మోటార్లే వరసగా నిలబడతాయి.
"కొన్నాం కదప్పా, పోండి" అని నవ్వుతాడు.
నాకు నవ్వు రాదు.
ఎవరో నా చేతి మీద తువాలు కప్పి,
నేను బేరానికి కూర్చోకముందే
వేళ్లు లెక్కబెడుతున్నట్టుంటుంది.

మోటారు బాగానే తిరుగుతోంది, అబద్ధమెందుకు.
పెట్టెలో రెండు స్క్రూలు తక్కువొచ్చినాయి.
ఖాజామియా ఇనప సామాన్ల అంగడికి పోతే
డబ్బా కుమ్మరించి, వెతికి,
నా అరచేతిలో మూడు పెట్టాడు.
"ఒకటి జారిపోతుంది, ఉంచుకోమ్మా" అన్నాడు.
రెండింటికే తీసుకున్నాడు.
నేను బేరమాడలేదు.