గోడకు ఇవతల

మా ఇంట్లో పన్నెండు గిటార్లుండేవి.
నేను ఒక్కదాన్నీ ముట్టుకోలేదు.
వంటింటికీ వాటి గదికీ మధ్య
పలచని చెక్కగోడ.
ముప్పై ఏళ్లుగా ఇవతల ఉల్లిపాయలు తరుగుతూ
ఏది మోగుతోందో చెప్పగలిగేదాన్ని:

ఎర్రది, కెమీ తీరాన వసంతంలో మంచు పగిలినట్టు
ఆర్భాటంగా మొదలై
ఆఖరికి రేకుడబ్బా అయిపోతుంది.
తెల్లది మర్యాదస్తురాలు,
పరాయి ఇంట్లో చెంచా చప్పుడైనా కానివ్వదు.
ఆ సూర్యాస్తమయం రంగుది,
మా కారుకంటే ఎక్కువ పోసి కొన్నది,
తన ధర గుర్తుచేయకుండా
ఒక్క స్వరం పలకదు.

ఎన్సియోకి అన్నీ ఇష్టమే.
అంటే, ఏ పాటా పూర్తి చేయడు.
అర నిమిషం వాయిస్తాడు,
ప్లగ్గు పీకుతాడు, ఇంకోటి తీస్తాడు,
మళ్లీ అదే అర నిమిషం.
నేను విన్నవన్నీ మొదళ్లే,
పెళ్లికెళ్లి
విస్తరి వేయకముందే లేచొచ్చినట్టు.

కాగితం మిల్లులో అతని పని వినడం.
అంత హోరులో ఏ బేరింగు అరుగుతోందో
చెవితో పట్టేవాడు.
ఇంట్లో ఆ చెవే అతనికి శత్రువు.

మార్చి చివర్లో బడి మూసేశారు, పిల్లల్లేక.
అర్మాస్ ఆటల హాల్లో బల్లలు పరిచి
గ్లోబులూ స్కీ బూట్లూ అమ్ముతున్నాడు.
నేను కాఫీ ఫ్లాస్కుల కోసం వెళ్లాను.
ఎన్సియో దింపడానికి వచ్చాడంతే,
బయట ఇంజను కూడా ఆపలేదు.

ఏ పుట్టలో ఏ పాముందో.
హాకీ కర్రల మధ్య ఒక గిటారు,
పాత బీరువా రంగులో.
కంపెనీ పేరు ఉండాల్సిన చోట గీకిన మచ్చ.
వీపు మీద ఎవరో పిల్లాడు
కంపాసు ముల్లుతో చెక్కిన లెక్క:
ఏడెనిమిదులు యాభైనాలుగు.
నలభై యూరోలని రాసుంది.
ఒక తీగ లేదుగా, ముప్పై చాలన్నాడు అర్మాస్.
ఇచ్చింది నేనే,
ఫ్లాస్కులకని తెచ్చిన డబ్బు.

ఆ సాయంత్రం పొయ్యి మీద బంగాళాదుంపలు.
అవతల ప్లగ్గు గుచ్చిన టక్కు.
ఆంప్లిఫయర్ గొంతు సవరించుకుంది.
తరవాత వచ్చిన గొంతు
నాకు తెలియని మనిషిది.
పొద్దున్నే, ఇంకా ఎవరితోనూ మాట్లాడకముందు
ఉంటుందే, ఆ గొంతు.
కాస్త బొంగురు.
అబద్ధాలు ఇంకా గుర్తురాని వేళ.

అర నిమిషం.
ప్లగ్గు పీకే చప్పుడు కోసం ఆగాను.
నిమిషం.
నేనెన్నడూ వెళ్లని సందులోకి
పాట మలుపు తిరిగింది.
దీనికి ఇంకో చరణం ఉందా!
గిన్నెలో నీళ్లు ఇంకిపోయాయి.
చెయ్యి చాపి పొయ్యి కట్టేశాను,
కాళ్లు కదల్లేదు.

పాట అయిపోయింది.
అయిపోతే ఏం చేయాలో
గోడకు రెండు వైపులా
ఇద్దరికీ తెలియలేదు.

"మాడు వాసన," అన్నాడు గుమ్మంలో నిలబడి.
"ఊఁ," అన్నాను.

మిగతా పన్నెండూ ఇప్పుడు పెట్టెల్లో.
అమ్మడు.
ఆదివారం తుడిచి, తీగలు వదులు చేసి,
జబ్బుమనిషిని పలకరించి వచ్చినట్టు
తలుపు మెల్లగా చేరవేస్తాడు.
సూర్యాస్తమయం రంగుదాని మీద
నాకే జాలి.

బీరువా రంగుదానికి పదిహేనో మెట్టు మీద
ఒక తీగ జీరపోతుంది.
సరిచేయడం అతనికి ఐదు నిమిషాల పని.
చేయడు.
ఎందుకని అడిగితే
"మిల్లులో ఆ చప్పుడు వినబడితే
లైను మొత్తం ఆపించేవాణ్ణి," అన్నాడు.
అది జవాబు కాదు.
ఏమో, అదేనేమో.

మంచు తొలిచి చేపలు పట్టడానికి
అతను వెళ్లిన ఒక ఉదయం
ప్లగ్గు పెట్టకుండా ఒళ్లో పెట్టుకున్నాను.
తప్పు లెక్క ఉన్న వైపు
పొట్టకు చల్లగా తగిలింది.
మెట్లు వేలితో లెక్కపెట్టుకుని
ఆ తీగ మీటాను.
జీర.
ఇంకోసారి.

గోడ అవతల, వంటింట్లో,
వినడానికి ఎవరూ లేరు.