అంగుళం

గన్‌ఫౌండ్రీ సందులో మెట్ల కింద దుకాణం.
సిబ్‌ఘతుల్లా మిస్త్రీ భూతద్దంలోంచి
మా మేనమామ రైఫిల్ని చదువుతున్నాడు.
ఏ దేశపు సిపాయి భుజాన్ని ఒరిసిందో,
ఏ వేలంలో ఓడెక్కిందో.

"ఇది ఏడా, ఒకటా?"
లైసెన్సు పుస్తకం పక్కన పెట్టుకుని
నంబరు మీద గ్రీజు తుడిచాడు.
ఏడే.
ఇద్దరం ఊపిరి వదిలాం.

"కర్ర పగిలింది, అక్రోటుది చెక్కుతా.
తుప్పు తీస్తా, పట్టీ మారుస్తా.
గొట్టం మాత్రం అంగుళం కొయ్య."

అల్మారాలో పట్టట్లేదు మిస్త్రీ,
జానెడు తగ్గిస్తే చాలు, ఎవరు చూస్తారు?

రంపం వైపు చూడనైనా లేదు.
రిజిస్టరు తీసి
నా పేరు, తేదీ, చేసే పని రాసి
మిగిలిన గడికి అడ్డగీత కొట్టాడు,
రేపు నేనైనా, తనైనా
ఒక్క మాట ఇరికించకుండా.

"ఎలక్షన్లొస్తే ఠాణాలో అప్పజెప్తావు గదా.
రైటరు కొత్తోడైతే
టేపు గూడ తెస్తడు మియా."

చాయ్ తాగించి పంపాడు.
గడప దాటాక వెనకనుంచి కేక:
"అల్మారా కోయించుకో!"

ఆదివారం వడ్రంగి బ్రహ్మయ్య
అడుగు అర కోసేశాడు.
పొట్టంతా మా ఆవిడ పట్టుచీరల మీద.

ఆ నేరానికి మాత్రం
ఇంకా బెయిలు దొరకలేదు.