వేలు జారితే

సడ్‌బరీలో ఆదివారం రాత్రి. బయట మైనస్ ఇరవై ఆరు.
నా బస్సు డిపోలో నిద్రపోతోంది,
ఇంజను గడ్డకట్టకుండా కరెంటు తీగ తగిలించుకుని.
నేను వంటగదిలో, చల్లారిన సూప్ గిన్నె ముందు,
ఎక్కడా లేని జట్ల లీగుకి
నియమాలు రాసే కార్యదర్శిని.

పదహారు జట్లు. ఒక్క స్కేటూ మంచును తాకదు.
ఆటగాళ్ళంటే అంకెలు:
వేగానికొకటి, ఓపికకొకటి, ఎడమ మోకాలికొకటి.
వయసు మాత్రం అచ్చం మన వయసే,
ఒకవైపుకే నడుస్తుంది.

కపుస్కేసింగ్ నుంచి రేజాన్ లావిక్టువార్ అర్జీ:
"నా గోలీ ఆన్సెల్ క్వార్న్, నలభై ఒకటి,
రిటైరైపోయాడు. పొరపాటు. వేలు జారింది.
వెనక్కి ఇప్పించండి."

కాలు జారితే తీసుకోవచ్చు,
నోరు జారితే తీసుకోలేం.
వేలు సంగతి పెద్దలెవరూ చెప్పి పోలేదు.

తెర మీద, రేజాన్ కాక, తొమ్మిది ముఖాలు.
ఔలూలో ఔలిక్కికి అప్పుడే తెల్లవారుజాము;
జుట్టు తడి ఆరకుండానే అంది:
"మొదటి రౌండు ఎంపిక వదులుకోవాలి. అంతకు తగ్గిస్తే
ప్రతివాడూ వేసవిలో పోయి, చలికి లేచొస్తాడు."
"రెండు ఎంపికలు," అన్నాడు ఫ్లిన్ ఫ్లాన్ డ్వైట్,
"ఒకటి తప్పుకి, ఒకటి అబద్ధానికి."
"అంకెల మీద ఇంత కక్షా? ఆటే కదా," అంది మెర్లిన్,
ఒళ్ళో పిల్లిని సర్దుకుంటూ.
"ఆట కాబట్టే. బతుకులో అయితే వదిలేసేవాణ్ణి."

అందరికన్నా చివర మర్డో గొంతు విప్పాడు,
కేప్ బ్రెటన్ నుంచి, లెక్క అప్పజెప్పినట్టు:
"క్వార్న్ ఇక లేడని నమ్మి
బజారులో మిగిలిన ఒకే ఒక్క గోలీకి
ఎనిమిది మిలియన్లు పోశాను, నాలుగేళ్ళకి.
దానికోసం ఇద్దరు కుర్రాళ్ళని అమ్ముకున్నాను.
అతన్ని రానివ్వండి, సరే.
నా కుర్రాళ్ళూ తిరిగొస్తారా?"

దానికి నియమావళిలో జవాబు లేదు.
రాసినవాణ్ణి, నాకు తెలుసు.

నాకు తెలిసింది ఇంకొకటుంది.
ఎవరు ఏ మీట ఎప్పుడు నొక్కారో
ఆ చిట్టా నా దగ్గరే.
రాత్రి రెండు పదమూడుకి రేజాన్ ఆ పేజీ తెరిచాడు. మూశాడు.
తెరిచాడు. మూశాడు. మళ్ళీ.
నాలుగోసారి "ఖాయమేనా?" అని అడిగింది యంత్రం.
ఖాయమే అన్నాడు.
జారే వేలు అన్నిసార్లు ఆగి జారదు.

ఆ రోజు మధ్యాహ్నమే పేపరు మిల్లు అతన్ని
కేకు కోసి, గోడ గడియారం ఇచ్చి పంపేసింది.
ముప్పై నాలుగేళ్ళకి ఒక గడియారం.
బ్యాటరీ వేరే కొనుక్కోవాలి.

ఇవేవీ సభలో చెప్పలేదు నేను.
ఒకటి చెబితే దొంగవుతాడు,
రెండోది చెబితే బిచ్చగాడవుతాడు.

తీర్మానం: మొదటి రౌండు ఎంపిక పోతుంది.
రెండో రౌండుది మర్డోకి.
ఆన్సెల్ ఒక ఏడాది ముసలివాడై తిరిగొస్తాడు,
వేగంలో మూడు, మోకాలిలో ఐదు తగ్గి.
ఐదుగురు ఔను, నలుగురు కాదు.
ఐదో చెయ్యి నాది.

రేజాన్ మైకు తెరిచాడు. వెనకెక్కడో కుళాయి కారుతోంది.
"తీసుకోండి," అన్నాడు. "అన్నీ తీసుకోండి.
మంగళవారం ఆడతాడా?"

ఆడాడు.
ఆరు గోల్స్ వదిలాడు, రెండు కాళ్ళ సందులోంచే.
డ్వైట్ కూడా నవ్వలేదు.

నిన్న రాత్రి చిట్టా చూశాను.
రెండు పదమూడు. మళ్ళీ ఆ పేజీ.
"ఖాయమేనా?" దాకా వెళ్ళాడు.
పద్దెనిమిది నిమిషాలు అక్కడే ఉన్నాడు.
నొక్కలేదు. మూయనూ లేదు.

అది ఎవరికైనా చెప్పితీరాలన్న నియమం
నేనింకా రాయలేదు.