గుండు

నమూనా మొదట మా మేడ మీద తిరిగింది.
అమ్మ ఇడ్లీ రేకులో ఒక గుంట,
గుంట నడుమ నేను పొడిచిన బెజ్జం,
పాత కూలర్లోంచి పీకిన మోటారు,
బిలియర్డ్స్ క్లబ్బు మూసేసినప్పుడు
పాత సామాన్ల అంగట్లో దొరికిన ఎర్ర బంతి.
రెండు సెకన్లు తేలింది.
"రేకు పాడు చేసి సైన్సంటావా" అంది అమ్మ.
ఆ రెండు సెకన్లనే
డ్రాయింగు షీటు మీదికెక్కించి
సైన్సు సెంటరుకు పంపించాను.

కుప్పం క్వారీ నుంచి రాయి వచ్చింది.
మూడు వందల కిలోలు.
లారీలో దాని పక్కనే కూచుని
చెంగల్రాయుడు వచ్చాడు,
గోళ్ళ సందుల్లో పాలిష్ పొడితో.

గుండుకూ గిన్నెకూ నడుమ
నీళ్ళకు నేను వదిలింది వెంట్రుక మందం.
నా గేజీ అంతా సరే అంది.
మోటారు వేస్తే
గుండు ఒక పక్కకొరిగి
మొండెద్దులా కూలబడింది.
చెంగల్రాయుడు కళ్ళు మూసుకుని
అరచేత్తో రాయంతా తడిమాడు.
"ఈడ రవ్వంత ఉబ్బుండాది మేడమ్,
మీ మిషన్‌కి తెలీదులే."

తొమ్మిది రోజులు.
నేను గిన్నెకు దీపం మసి పూయడం,
గుండును దించి తిప్పడం,
మసి అంటిన చోటల్లా ఆయన రుద్దడం.
రేణిగుంట రోడ్డు షెడ్డులో
టీ గ్లాసులు కూడా నల్లబడ్డాయి.

పదోరోజు, పోయిన కరెంటు వచ్చాక,
గిన్నె అంచు చుట్టూ నీళ్ళు సమంగా పొంగాయి.
రాయి లేచినట్టు కంటికి కనపడలేదు,
చప్పుడు మారింది, అంతే.
ఆయన చిటికెనవేలు ఆనించాడు.
మూడు వందల కిలోలు
నిద్రలో పక్కకు ఒత్తిగిలినట్టు తిరిగాయి.
"నలభై ఏండ్లు రాళ్ళు మోసినా.
ఒక్కటీ ఇట్ల మాట విన్లేదు" అని
ఆ వేలు తీసి
నడుం మీద పెట్టుకున్నాడు.

ఇక జనం.
దర్శనం టైము రాత్రి పదకొండుకు పడినవాళ్ళు
ఎండ తప్పించుకోను లోపలికొస్తారు.
బోర్డు మీద మూడు భాషల్లో
నీటి ఒత్తిడి గురించి రాయించాను.
ఎవరూ చదవలేదు.
తల మీద గంధం ఆరని పిల్లాడొకడు
గుండును చూసి తన గుండు తడుముకున్నాడు.
తర్వాత దాన్ని తిప్పాడు.
తర్వాత ఆపబోయాడు,
రెండు చేతులతో, పొట్టతో, గడ్డంతో,
అంగీ అంతా తడిసింది, రాయి ఆగలేదు.
కదిలించడం వేలితో పని, ఆపడం ఒంటితో పని.
ఈ మాట నా బోర్డు మీద లేదు.

శనివారానికల్లా
రాయికి పసుపు, కుంకుమ,
గిన్నె అంచున రూపాయి బిళ్ళలు.
ఒక రెండు రూపాయల బిళ్ళ సందులోకి జారి
చెంగల్రాయుడి తొమ్మిది రోజుల మీద
గీత గీసింది.
"బిళ్ళలు వేయరాదు" అని ఎర్రక్షరాలు పెట్టాం.
అప్పటిదాకా తోచనివాళ్ళకు కూడా తోచింది.

గార్డు మునెయ్య నవ్వాడు.
"తిరుపతిలో వేయొద్దంటే ఎట్ల మేడమ్?
యాడ వేయాల్నో చెప్పండి."

నాలుగు రాత్రులు ఆ మాట చుట్టూ తిరిగాను.
అయిదోనాడు ఫైబర్ గరాటు ఒకటి పోతపోశాం,
ఎద్దులబండి చక్రమంత నోరు.
అంచు మీద బిళ్ళను నిలబెట్టి వదిలితే
మొదట తీరిగ్గా పెద్ద చుట్లు,
లోపలికి పోయేకొద్దీ తొందర,
సూర్యుడి దగ్గరి గ్రహానికి ఉండే తొందర,
చివర ఒక సన్నటి ఈల,
మాయం.
పిల్లలు ఇంకో బిళ్ళ కోసం
నాన్నల జేబులు తడుముతారు.
రాయికి దణ్ణాలు మాత్రం ఆగలేదు.
పెట్టనీ.
ఆ తొమ్మిది రోజులకు నేనూ పెడతాను.

నెలాఖరున గరాటు కింది డబ్బా తెరిస్తే
నాలుగు వేల ఆరు వందల పన్నెండు,
రెండు శ్రీలంక బిళ్ళలు,
ఒక చొక్కా గుండీ.
అకౌంట్స్ సుగుణాకరం కలం ఎత్తి కూచున్నాడు.
"టికెట్టు కాదు, విరాళమూ కాదు.
ఏ పద్దు కింద రాయాల?"

నాకూ తోచలేదు.
గుండీని మాత్రం తీసుకుపోయి
గరాటులో మళ్ళీ వదిలాను.
బిళ్ళ కన్నా మూడు చుట్లు ముందే పడిపోయింది.
ఎందుకని
కాగితం తీశాను.